డాలస్ మీదుగా దీనమ్మ

ఆ ఆదివారం దీనమ్మ మధ్యాహ్న భోజనం డాలస్ విమానాశ్రయంలో నిలబడి చేసింది. కూర్చోవడానికి చోటు లేదు. పొద్దున పెద్దకోడలు విమలకుమారి కట్టిచ్చిన చపాతీలు అట్టల్లా బిగుసుకుపోయాయి. ఎక్కాల్సిన విమానం ఆలస్యమని బోర్డు మీద రెండోసారి పడింది.

భీమవరం మిషన్ ఆస్పత్రిలో మేట్రన్‌గా రిటైరైన మనిషి ఆమె. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే నర్సులు నవ్వులు ఆపేసేవారు. ఇప్పుడు ఆమెకే కొడుకులు డ్యూటీ వేస్తున్నారు. శ్రీవ్‌పోర్ట్‌లో పెద్దవాడు ఆమోసు ఇంట్లో ఒక నెల, ఫాయెట్‌విల్‌లో చిన్నవాడు కృపావరం ఇంట్లో ఒక నెల. రెండిళ్లలోనూ పసిపిల్లలు, కోడళ్లిద్దరికీ ఉద్యోగాలు. ఆమె లేని నెల పొరుగావిడకు డబ్బిచ్చి పిల్లల్ని చూడమనేవారు. ఆమె అమెరికా వచ్చిన కొత్తలో, 1983లో, ఆ రెండు ఊళ్ల మధ్య ఒక చిన్న విమానం నేరుగా తిరిగేది. రెండు వందల యాభై మైళ్లు, గంటలో దింపేది. జనం ఎక్కడం లేదని చలికాలంలో కంపెనీ దాన్ని ఎత్తేసింది. ఇక పడమటికి డాలస్ దాకా పోయి, అక్కడ విమానం మారి, ఉత్తరానికి రావాలి. కొడుకుల లెక్కలో మాత్రం అది ఇంకా గంట ప్రయాణమే.

పొద్దుగూకే వేళకు ఫాయెట్‌విల్‌లో దిగింది. కృపావరం నవ్వుతూ సంచీ అందుకున్నాడు.

“ఫ్లైట్ బాగుందామ్మా? టూ ఫిఫ్టీ మైల్సేగా, చిటికెలో వచ్చేశావ్.”

“ఏదీ, ఓ చిటిక వెయ్యి.”

“అమ్మా?”

“వెయ్యరా. పొద్దున ప్రార్థన చేసుకుని ఇల్లు కదిలాను. నీ చిటిక ఇంతసేపు ఎలా మోగుతుందో వింటాను.”

జనం తలలు తిప్పారు. కృపావరం గొంతు తగ్గించాడు. “డాలస్‌లో డిలే అయితే నేనేం చెయ్యనమ్మా? డ్రైవ్ చేస్తే మాకు వీకెండంతా పోద్ది.”

“మీ వీకెండ్ పోకూడదు. నా ఆదివారం పోవచ్చు. ఆరాధన లేదు, అన్నం లేదు, పలకరించే మనిషి లేడు. రోగిని పక్క వార్డుకి పంపినా తోడు ఆయాని పంపేదాన్నిరా! మీరు తల్లిని పార్సెల్‌లా ఎక్కిస్తారు, అవతల దింపుకుంటారు.”

“కార్‌లో మాట్లాడుకుందాం, పద.”

“ఇక్కడే విను. ఇంక నేను ఒక్కదాన్నే ప్లేన్ ఎక్కను. నేను కావలసినవాడు వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలి. లేదంటే పిల్లల్ని డేకేర్‌లో పెట్టుకోండి.”

ఆ సంగతి ఫోన్‌లో విని ఆమోసు నవ్వాడు. “అమ్మ కోపం రెండ్రోజులేరా. టికెట్ బుక్ చేసెయ్.”

కృపావరం బుక్ చేశాడు. నెల తిరిగింది. ప్రయాణం రోజున దీనమ్మ పెట్టె సర్దలేదు. మనవరాలి తలకు నూనె రాస్తూ కూర్చుంది.

“ఫ్లైట్ పోద్దమ్మా!”

“పోనీ.”

పోయింది. అత్తగారు వస్తుందని పొరుగావిడను మాన్పించడంతో, పిల్లల్ని చూసేవాళ్లు లేక సోమవారం విమలకుమారి ఆఫీసుకు సెలవు పెట్టింది. మంగళవారం కూడా పెట్టింది. గురువారం పైఅధికారి ఆమెను గదిలోకి పిలిచాడు.

తల్లిని తీసుకెళ్లడానికి శుక్రవారం ఆమోసు కారెక్కాడు. శ్రీవ్‌పోర్ట్ నుంచి తమ్ముడి ఇంటికి ఆరున్నర గంటలు పట్టింది.