తుమ్మకాయ పొడి సారు

అశోక్‌నగర్‌లో పశువుల దాణా మీద సలహాలిచ్చే ఒకాయన ఆఫీసులో నేను రెండేళ్లు కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేశాను. ఆయన గేదెను ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరేమడిగినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "సైన్సమ్మా, సైన్సు!" అనేవాడు.

తుమ్మకాయల వగరు దాణాలో కొంచెం కలిస్తే పల్లి చెక్కలోని ప్రొటీను గేదెకుండే నాలుగు పొట్టల్లో మొదటిదానిలోనే వృథా కాకుండా ముందుకెళ్లి పశువు ఒంటికి పడుతుంది. అది నిజమే. ఎంత కలపాలన్నదే అసలు విద్య, ఆ విద్యే ఆయనకు రాదు.

రాంనగర్‌లో నాలుగు గేదెలున్న ఒక అక్కను, మా ఆఫీసులో అమ్మే తుమ్మకాయ పొడి పూటకు దోసెడు వెయ్యమన్నాడు. వారం తిరక్కుండానే ఆమె ఏడ్చుకుంటూ వచ్చింది.

"సార్, పెద్ద గేదె మేత ముడ్తలేదు. పేడ రాయి లెక్క వస్తున్నది. జర వచ్చి చూడుండ్రి."

"సైన్సమ్మా, సైన్సు! అలవాటు పడాలి. ఇంకో దోసెడు పెంచు" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా.

నేను ఆమె వెనకాలే మెట్లు దిగి, "అక్కా, ముందు ఆ పొడి బంద్ చెయ్యి. పశువుల డాక్టర్‌ను పిలువు" అన్నాను. నారాయణగూడ నుంచి డాక్టర్ వచ్చి మందులిచ్చాక, పది రోజులకు గేదె మళ్లీ మేత ముట్టింది.

గేదె కోలుకున్న సంగతి ఎట్లాగో సారు చెవిన పడింది. చిక్కడపల్లి ప్రెస్సులో కరపత్రాలు వేయించాడు. "రాంనగర్‌లో చావుబతుకుల్లో ఉన్న గేదె మా పొడితో లేచి నిలబడింది!"

సిగ్గులేని మనిషి. ఆ వాక్యం టైపు చేసింది నేనే. అచ్చుతప్పులు లేకుండా రెండుసార్లు చదివి మరీ ఇచ్చాను.