మైకు ఆటోలో నా మొదటి ఆల్బం

క్యాసెట్టులో రీలు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పుకునే ఆ కాలంలో, ఇరవై రెండేళ్ళ ప్రతివాడికీ తానేదో గొప్పవాడు కావలసినవాడినన్న అనుమానం ఉండేది. నాకైతే అనుమానం కాదు, నమ్మకమే. తెలుగులో మొట్టమొదటి ర్యాప్ ఆల్బం నాదే కావాలి. (అప్పటికే ఎవరో చేసేశారట. నాకెవరూ చెప్పలేదు కాబట్టి నా తప్పేం లేదు.) డిగ్రీలో రెండు పేపర్లు మిగుల్చుకుని, రాజమండ్రికి బస్సులో గంట దూరంలో ఉన్న మా ఊళ్ళో, మావయ్య మైకు ఆటోలో కూర్చుని ప్రకటనలు చదివేవాణ్ణి. రేపు కుళాయి నీరు రాదన్నా నేనే, ఆషాఢం చీరల తగ్గింపన్నా నేనే, ఫలానా పెద్దాయన పరమపదించారు, అంత్యక్రియలు నాలుగు గంటలకన్నా నేనే. ఆ ఉద్యోగం నాకు మహా నామోషీగా ఉండేది. ర్యాపర్ అన్నవాణ్ణి చూసి వీధి ఒణకాలి గానీ, కంటి వైద్య శిబిరం వివరాలు అడగడమేంటి?

ఆల్బంలో నా భాగస్వామి కీబోర్డు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు కాబట్టి ఊరంతా వాణ్ణి అలాగే పిలిచేది. ఇంగ్లీషు పాటల ఛానల్ చూసి చూసి వాడికి సిద్ధాంతాలు పుట్టాయి. "పాటలో కోపం ఉండాల్రా. ఈడు మనోడే, నిజం చెప్తున్నాడు అనుకోవాలి. వీధి నమ్మాలి" అనేవాడు. ఆల్బం విడుదల చేయవలసిన క్యాసెట్ల కొట్టు బాబాయిగారి సిద్ధాంతం వేరు. "కోపం ఎవడు కొంటాడండి? ఇంట్లో ఊరికే దొరుకుద్ది కదా. ఓ ప్రేమపాట పెట్టండి, నాలుగు క్యాసెట్లు కదుల్తాయి" అనేవారు. ఇద్దరినీ కాదనలేక ఎ సైడు బాబాయిగారికీ, బి సైడు కీబోర్డుకీ ఇచ్చేశాను. ప్రేమ సులువుగానే వచ్చింది. కోపం రాయడానికి కూర్చుంటే తెలిసింది, మా గోదావరి వాళ్ళకి అదెంత కష్టమో. "కౌన్సిలర్ గారూ, కాస్త కాలవ చూడండి, లేదంటే మీ సంగతి చూస్తామండి" అని రాస్తే కీబోర్డు తల పట్టుకున్నాడు.

"తిట్టేటప్పుడు గారు ఏంట్రా, అండి ఏంట్రా?"

"పెద్దాయన కదరా. రేపు ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుంటాం?"

చివరికి కౌన్సిలర్ని వదిలేసి కుళాయి మీద పడ్డాం. దానికి గారు అక్కర్లేదు. "గోదారి పక్కన ఊరు, కుళాయిలో లేదు నీరు, రేపైనా రాదు నీరు" అని మొదలుపెట్టి, టేపు రికార్డరు చుట్టూ దుప్పట్లు కప్పి, కీబోర్డు వాళ్ళింట్లో రికార్డు చేశాం. (ప్రేమపాట మధ్యలో వినిపించే కోడి వాళ్ళ అమ్మమ్మగారిది.) బాబాయిగారు విని, "ముందు మీ ఆటోలో పెట్టి ఓ వీధిలో వేయండి. జనం గుమ్మంలోకొచ్చి ఆగి విన్నారా, రేపే రాజమండ్రి పంపి క్యాసెట్లు కొట్టిస్తాను. లేదా, మీ పేపర్లు మీరు రాసుకోండి" అన్నారు. నా భవిష్యత్తంతా ఒక వీధి గుమ్మాల మీద పడింది.

మావయ్య పెద్దాపురం మరిడమ్మవారి జాతరకి వెళ్ళిన రోజు చూసి, పొద్దున్నే ఆటో తీశాం. వెనకాల స్కూటరు మీద బాబాయిగారు. ముందు ఎ సైడు. "వెళ్ళిపోయావు నువ్వు, ఇక తిరిగి రావు" అని నా గొంతు మైకులో బరువుగా మూలుగుతుంటే, వీధి చివరింటి మేష్టారు భుజాన తువ్వాలు వేసుకుని, చెప్పులైనా లేకుండా వచ్చేశారు.

"ఎవరు బాబూ పోయింది? ఎన్ని గంటలకి తీస్తారు?"

"ప్రేమపాట మేష్టారూ. ఓ అమ్మాయి గురించండి."

"అయ్యయ్యో. చిన్న వయసేనా?" అని ఆయన ఆటో పక్కనే నిలబడి, పాట అయ్యేదాకా తలవంచుకుని విన్నారు.

గబగబా క్యాసెట్టు తిప్పి బి సైడు పెట్టాను. రేపైనా రాదు నీరు అని రెండోసారి అనేసరికి తలుపులు తెరుచుకోవడం మొదలైంది. వీధి వీధంతా బయటికొచ్చేసింది. "నమ్మార్రా" అన్నాడు కీబోర్డు నా చెయ్యి పట్టుకుని. నాకు కళ్ళు చెమర్చాయి. అందుకే కాబోలు, వాళ్ళ చేతుల్లో బిందెలు కాస్త ఆలస్యంగా కనిపించాయి. బిందెలు, బకెట్లు, గంగాళాలు. ఒకావిడ పసివాడి స్నానం తొట్టి కూడా పట్టుకొచ్చింది. అంతా కుళాయి మీదికి ఉరికారు. మూలింటి అత్తయ్యగారు మాత్రం ఆటోకి అడ్డం నిలబడి, "ఎన్నాళ్ళు రావు నాయనా?" అన్నారు.

"అది పాటండి అత్తయ్యగారూ."

"ఇప్పుడు పాటలో చెప్తున్నారా? బానే ఉంది. ఎన్నాళ్ళో చెప్పు."

ఆ కబురు పక్క వీధికీ, అక్కణ్ణించి పేటంతటికీ పాకింది. అందరూ ఒక్కసారే పట్టేసరికి తొమ్మిదింటికల్లా ట్యాంకు ఖాళీ అయి, నీళ్ళు నిజంగానే ఆగిపోయాయి. "ఆ అబ్బాయి చెప్పనే చెప్పాడు" అనుకున్నారు జనం.

జాతర నుంచి వచ్చిన మావయ్య తిట్టలేదు. తిట్టినా బావుండేది. "ఇన్నేళ్ళలో ఈ మైకులో అబద్ధం రాలేదురా. ఎళ్ళి చెప్పిరా" అన్నాడంతే. మళ్ళీ అదే వీధికెళ్ళి, "ఉదయం వినిపించినది పాట మాత్రమే, ప్రజలు నమ్మవద్దు" అని చదివాను. వీధి నమ్మాలని ఆల్బం చేసినవాణ్ణి, నమ్మొద్దని నేనే మైకులో బతిమాలుకున్నాను. ఏడుపొచ్చింది. జనం అదీ వినలేదు. పైనుంచి ఎవరో బెదిరించి అలా చెప్పిస్తున్నారని గుసగుసలాడుకుని, వారం రోజులు బిందెలు నింపుకునే ఉంచారు. బాబాయిగారు క్యాసెట్టు తిరిగిచ్చేస్తూ, "గుమ్మంలోకొచ్చారు, ఒప్పుకుంటాను. ఆగి విన్నది మేష్టారొక్కరే కదండి. ఆయనొక్కరి కోసం ఎన్నని కొట్టించను?" అన్నారు.

పేపర్లు రాశాను. ఇప్పుడు గుమాస్తా ఉద్యోగం. ఆ క్యాసెట్టు బీరువాలో ఉంది, వేసుకోవడానికి టేపు రికార్డరే లేదు. మొన్న ఆ వీధిలో ఫోను మాట్లాడుకుంటూ నడుస్తుంటే, అరుగు మీద నుంచి మూలింటి అత్తయ్యగారు పిలిచారు. చూపు బాగా తగ్గిపోయింది. "మైకు అబ్బాయివి కదూ? రేపు నీళ్ళొస్తాయా నాయనా?"

నాకేం తెలుసు? "వస్తాయండి" అన్నాను. ఆవిడ హమ్మయ్య అనుకుని, దాచుకున్న బకెట్టు నీళ్ళూ బంతి మొక్కల్లో పోసేశారు. మర్నాడు ఆఫీసుకి ఆలస్యమవుతుందని తెలిసీ, ఆ వీధి మీదుగానే వెళ్ళాను. కుళాయి వస్తోంది. కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాను.