డబ్బీ విన్న ఊపిరి

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో.

నేను మూడో తరగతితో బడి మానేశాను. నా మనవరాలు బెంగళూరులో కంప్యూటరు పరిశోధన చేసేది. గోడకు బిగించిన డబ్బీ నుంచి వైఫై లాంటి అలలు పంపి, మనిషిని తాకకుండానే ఊపిరి లెక్కపెట్టడం దాని పని. బలసముద్రంలో మా ఇంటికి ఒక డబ్బీ తెచ్చి నా మంచం ఎదురుగా బిగించింది. పదిహేను రోజులు, మధ్యాహ్నం గంటసేపు నన్ను పడుకోమంది. అంతే అడిగింది. తిరిగి బెంగళూరు వెళ్ళిపోయింది.

పగలు నడుం వాల్చడం నాకు చేతకాదు. సోలార్ కరెంటు వాళ్ళకు కౌలుకిచ్చిన మా భూమిలోనే, వాళ్ళ అద్దాల పలకల మధ్య గడ్డి కోసే కూలికి పోయేదాన్ని. గంట నిద్ర కోసం పూట కూలి పోగొట్టుకుంటానా? నా బదులు తోడికోడలు గంగమ్మను పడుకోమన్నాను. మొగుడు పోయాక ఆమె మా ఇంట్లోనే ఉండేది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. సోమరి అని తిట్టేదాన్ని.

"పండుకునే పనా? ఇట్లాంటివి ఇంగా ఉంటే చెప్పక్కా," అని నవ్వింది.

నెల తర్వాత, డబ్బీ పంపిన లెక్కలు చూసి మనవరాలు పరుగున వచ్చింది.

"అవ్వా, నిద్దరలో నీ ఊపిరి మధ్యమధ్య నిలిచిపోతా ఉండాది. ఆస్పత్రికి పోదాం రా."

"నాకేమొచ్చిందే? గుండ్రాయి మాదిరి ఉండాను."

గంగమ్మ గడపలో నిలబడి వింది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

తుమకూరులో డాక్టరు నాకే రోగమూ లేదన్నాడు. "అయితే నా డబ్బీదే తప్పవ్వా," అంది పిల్ల, తిరుగు బస్సులో. ఆ ఊపిరి ఎవరిదో నాకు తెలుసు. ఎందుకు నోరు విప్పలేదు? అబద్ధమాడితే వాత పెడతానని పిల్లల్ని బెదిరించి పెంచిన నేను దాని ముందు చిన్నబోతానని భయపడ్డానా, లేక డబ్బీదే తప్పైతే గంగమ్మకూ ఏమీ లేనట్టేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నానా? రెండూ నిజమే.

చెనక్కాయలు పెరికే రోజుల్లో, అదే మంచం మీద, పట్టపగలు నిద్రలోనే గంగమ్మ పోయింది. అప్పటివరకూ నన్ను ఒక్క మాట అడగలేదు.

మనవరాలు ఆ పరిశోధన వదిలేసింది. ఇంకోటి మొదటినుంచి మొదలుపెట్టి, తోటివాళ్ళకంటే ఎంతో ఆలస్యంగా ప్రొఫెసరైంది. ఏటా కొత్త పిల్లలకు దాని మొదటి పాఠం మా ఇంటి సంగతేనట.

"నా డబ్బీ మా అవ్వ దగ్గరే తప్పు చెప్పిందంటానవ్వా," అని ఫోన్లో నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక ఖాళీ మంచం మీద ఎవరో ఊపిరి తీసి, మళ్ళీ తీయడం మరిచినట్టుంటుంది. నేను లెక్కపెడుతూ కూర్చుంటాను.

పాత క్యాలెండరు కాగితం వెనక ఇది రాస్తున్నాను. పిల్లకు చూపిస్తానో లేదో తెలియదు. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. డబ్బీ తప్పు చెప్పలేదు. ఆ మంచం మీద పడుకున్నది గంగమ్మ. ఇన్నాళ్ళకు ఈ ముక్క నా చేత్తో రాశాను.