బొట్టు పెట్టిన కంప్యూటర్

ఆ రోజుల్లో కాలుగాలిన పిల్లి అంటే హిందీ మాట్లాడే ఆ కార్ఖానా ఊళ్లో, మా సోనారీ పేటలో నేనే. ఎవరు చెప్పేదీ చివరిదాకా వినేవాణ్ణి కాదు. అలాంటి నన్ను మా బాబాయి తను కూలికి వెళ్లే కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు, మూడు నెలలు పని చూశాకే ఖాయం చేస్తామన్న షరతు మీద. మౌసు లేదు, ఏం కావాలన్నా నల్ల తెర మీద టైపు చేసి అడగాల్సిందే. హెడ్ గుమాస్తా బడాబాబు (పలాస వైపు మనిషి) రోజుకో కమాండ్ నేర్పేవారు. డిర్ కొడితే ఫైళ్లు చూపిస్తుంది, కాపీ అంటే నకలు తీస్తుంది, డెల్ అంటే చెరిపేస్తుంది. నాలుగోది చెప్పేలోపే నాకు అన్నీ వచ్చేశాయనిపించింది.

విశ్వకర్మ పూజ ముందురోజు మా ఊళ్లో ప్రతివాడూ తన పనిముట్టు తోముకుంటాడు. నేనూ కంప్యూటర్ దుమ్ము తుడిచాను. చేతులు ఊరుకోక, లోపల కూడా శుభ్రం చేద్దామని, పాత ఫైళ్లున్న చోటే ఉన్నాననుకుని ఉన్నవన్నీ ఒక్కసారే చెరిపేసే 'డెల్ స్టార్ డాట్ స్టార్' కొట్టాను. నిజంగానేనా అని అడిగింది పాపం. పూర్తిగా చదవకుండానే వై నొక్కాను. డిర్ కొట్టి చూస్తే గేట్‌పాసుల జాబితా లేదు. పూజ మర్నాడు పొద్దున్న అది గేటుకు చేరకపోతే మా కూలీలెవరినీ కార్ఖానాలోకి రానివ్వరు, బాబాయితో సహా. నా ఉద్యోగం సంగతి చెప్పనే అక్కర్లేదు.

రిజిస్టరు చూసి జాబితా మళ్లీ టైపు చేసేద్దామని కూర్చున్నానో లేదో, బడాబాబు స్విచ్ ఆపేసి, మానిటర్‌కి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. "ఇంక ముట్టుకోకు. రేపు పూజ ముగిసీదాకా దానికి సెలవు."

మర్నాడంతా ఆ దండ చుట్టూ తిరిగాను. "ఏట్రా, కాలు నిలవట్లేదు? బూందీ తిను, బైఠ్ జా, కూకో," అన్నారాయన. బూందీ పొట్లం చేత్తో పట్టుకుని మళ్లీ దండ దగ్గరికే వెళ్లాను.

ఆ పై రోజు తెల్లవారుతూనే వెళ్లి నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"చెరిపీసినాక దాని మీద ఇంకేటైనా రాసినావా?"

"లేదండి. మీరు ముట్టుకోనివ్వలేదు కదా."

"అదే మన అదృష్టం. రాసుంటే నిజంగా పోయీది," అంటూ 'అన్‌డిలీట్' కొట్టారు. నాకు చెప్పని నాలుగో కమాండ్ అదే. జాబితా తిరిగొచ్చింది, కార్ఖానా సైరన్ కంటే ముందే గేటుకు వెళ్లింది. బాబాయికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

బడాబాబు ఇప్పుడు లేరు. ఏటా ఆ పూజనాడు నా ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి మూత వేసేస్తాను. మధ్యాహ్నానికల్లా వేళ్లు దురద పెడతాయి. ఇన్నేళ్లకీ నాలోని ఆ కుర్రాడికి కుదురు రాలేదని నవ్వుకుని, ఆయన మాట మీద గౌరవంతో చేతులు కట్టుకుని కూర్చుంటాను.