చిన్నక్షరాల పక్కన వేలిముద్ర

పోయిన బుధవారం పొద్దున్నే మా నందిగామ డాక్టరు గారు ఫోన్ చేశారు. "టీచర్ గారూ, పేటలో మన మేస్త్రీ పోయాడండి. నిద్రలోనేనంట. నేను బయల్దేరుతున్నా, వస్తారా?" వస్తానన్నాను. ఇంటి ముందుకు ఆయన తెచ్చింది రోజూ తిరిగే కారు కాదు, రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. మేస్త్రీ గారి చేతుల మీద ఇన్నేళ్లు బతికిన బండి అది.

నందిగామలో స్థిరపడకముందు నేను జగ్గయ్యపేటలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా అద్దె ఇంటి పక్కనే మేస్త్రీ గారి షెడ్డు. సిమెంటు లారీల రిపేర్లకు ఆయన పెట్టింది పేరు. కానీ డాక్టరు గారు తండ్రి కాలంనాటి ఆ ఇంగ్లండు కారును, దాంతోపాటు కంపెనీ వాళ్లే అచ్చువేసిన రిపేరు పుస్తకాన్ని తెచ్చి అప్పగించినప్పుడు మేస్త్రీ గారు తల గోక్కున్నారు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆ సాయంత్రమే మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"టీచర్ గారూ, ఆదివారం చర్చి నుంచొచ్చాక ఒక గంట ఈ పుస్తకం చదివి చెప్తారా? ఊరికే వద్దండి, మీ స్కూటరు నేను చూసుకుంటా."

అలా మొదలైంది. నాకు కుర్చీ వేసి, నా చీరకు మసి అంటకుండా దాని మీద ఉతికిన తువ్వాలు పరిచేవారు. తాను కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవారు. అయినా పుస్తకం ముట్టుకునేవారు కాదు, పేజీలు నేనే తిప్పాలి. మొదట ఆ భాగమంతా చదివి తెలుగులో చెప్పాలి. స్పానరు పక్కన పెట్టి వినేవారు. రెండోసారి ఒక్కో వాక్యమే. ఆ పని పూర్తిచేసి "అయిందండి" అన్నాకే నేను తర్వాతి వాక్యానికి వెళ్లాలి. మా పాస్టరు గారి ప్రసంగాన్ని కూడా ఎవరూ అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు.

"ఇన్నేళ్లుగా బళ్లు విప్పుతున్నారు, మీకు ఈ పుస్తకం దేనికండీ?" అని ఒకసారి వేళాకోళం చేశాను.

"నాకు తెలిసింది లారీ అండి. ఈ బండి సంగతి దీన్ని పుట్టించినోళ్లకి తెలుసు. తెలిసినోడు చెప్తుంటే వినటానికి నామోషీ దేనికి?"

పుస్తకంలో ప్రతి అధ్యాయం చివరా ఒకటే మాట ఉండేది: విప్పిన వరసను తిరగేసి బిగించాలి. అది వినగానే నవ్వేవారు. "రాసినాయనకేం, ఒక్క ముక్కలో చెప్పేసి ఇంటికెళ్లిపోయాడు."

ఇక చెప్పాల్సింది నా తప్పు సంగతి. ఆ పుస్తకంలో అక్కడక్కడా పేజీ అడుగున చిన్నక్షరాల్లో సూచనలుండేవి. నేను వాటిని చదివేదాన్ని కాదు. "చిన్నక్షరాలవి వదిలేయండి, పరీక్షకు రావు" అని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన నోరు నాది. ఒక ఆదివారం డాక్టరు గారు నందిగామ నుంచి కారు తోలుకొచ్చి వదిలి, పనుందని ఊళ్లోకి వెళ్లారు. ఇంజన్ మీది మూతలాంటి భాగాన్ని హెడ్డు అంటారు, ఆ వేళ అది విప్పాలి. నేను రెండుసార్లు చదివాను, రెండుసార్లూ చిన్నక్షరాలు వదిలేశాను. ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. లారీ హెడ్డు ఇనుము, తట్టుకుంటుంది. ఇది అల్యూమినియం. వేడి మీద విప్పేసరికి వంగిపోయింది.

ఆయన స్టీలు స్కేలు ఆనించి ఆ వంపు చూశారు. తర్వాత, మొదటిసారి, చేతులు కడుక్కోకుండానే పుస్తకం మీద బొటనవేలు పెట్టారు. "ఈ చిన్నక్షరాల్లో ఏముందండి?" చదివాను. 

సాయంత్రం డాక్టరు గారు వచ్చారు. "నేనే తొందరపడ్డానండి. వేడి మీద విప్పేశా" అన్నారు మేస్త్రీ గారు. నేను నోరు తెరవబోయాను. ఆయన కుర్చీ మీది తువ్వాలు తీసి దులుపుతూ, "మీరు ఇంటికెళ్లండి టీచర్ గారూ, పొద్దుపోతుంది" అన్నారు. వెళ్లిపోయాను. అదీ నా ధైర్యం.

హెడ్డును బెజవాడ పంపి సరిచేయించారు. కానీ డాక్టరు గారి ఆసుపత్రి అంబులెన్సు పనులు వేరే షెడ్డుకు పోయాయి. పుస్తకం ముందు పెట్టుకుని బండి పాడుచేశాడని లారీల వాళ్లు ఎగతాళి చేసేవారు. ఆయన మాత్రం తర్వాతి ఆదివారం మళ్లీ తువ్వాలు పరిచి, "ఈసారి చీమంత అక్షరం కూడా వదలొద్దండి" అన్నారు. అంతకుమించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ మంచితనం వెనక నేను ఇన్నేళ్లూ దాక్కున్నాను.

బుధవారం హైవే ఎక్కాక డాక్టరు గారన్నారు: "మంచి పనివాడండి. ఆ ఒక్కసారే తొందరపడ్డాడు."  నేను పక్కనున్న పొలాల వైపు తల తిప్పుకున్నాను.

దండ వేసి షెడ్డు ముందుకొచ్చాం. మేస్త్రీ గారి భార్య తువ్వాలులో చుట్టిన పుస్తకం తెచ్చి డాక్టరు గారికివ్వబోయింది. నేను చెయ్యి చాచి అందుకున్నాను.

"ఆ రోజు తొందరపడింది ఆయన కాదండి. నేను ఒక ముక్క చదవకుండా వదిలేశా. మీకు చెప్పలేదు."

పేజీ వెతకనక్కర్లేదు. పుస్తకమంతటిలో మరక ఉన్నది అదొక్కటే. ఆ ఎండలో పైకి చదివాను: ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఈ నట్లు వదులు చేయరాదు. డాక్టరు గారు కారు బానెట్ మీద చెయ్యి వేసి, కాలుతుంటే తీసేశారు.

"నాతో ఒక్కమాట చెప్తే ఏం పోయేదండి ఆయనకి?" అన్నారు చివరికి.

 మేస్త్రీ గారి పద్ధతి ప్రకారం రెండోసారి కూడా చదివి, అలవాటుగా ఆగాను. "అయిందండి" అనే మనిషి లేడు. చిన్నక్షరాల పక్కన నల్లటి బొటనవేలి ముద్ర, గీతలతో సహా, అలాగే ఉంది.