చెట్టు పక్కన గజంబద్ద

మా నాన్న తీసిన ఫొటోల్లో చాలావాటిలో నేనున్నాను. నా ముఖం మాత్రం ఒక్కదానిలోనూ లేదు. పెద్ద మాను ఒకటి ఫొటో నిండా ఉంటుంది, దాని మొదట్లో చీమంత మనిషి చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. అది నేను. గౌను వేసుకున్న రోజుల్లో తెల్ల చుక్కని, లంగా ఓణీల్లోకి వచ్చాక నల్ల చుక్కని.

మాది బరంపురంలో బట్టల కొట్టు. గల్లా దగ్గర పెదనాన్న కూర్చునేవాడు. నాన్న చిన్నవాడు కనుక నిలబడే పనులన్నీ ఆయనవి. గజంబద్దతో గుడ్డ కొలిచి చించడం, పల్లెల్లోని చిన్న కొట్లకి మూటలు చేరవేయడం. పెళ్ళైన కొత్తలో సరుకు కోసం మద్రాసు వెళ్ళి, సరుకుతో బాటు ఒక కెమెరా కొనుక్కొచ్చాడట. పైనుంచి తొంగి చూసే రకం. బొడ్డు దగ్గర పట్టుకుని, మూత తెరిచి, తల వంచి లోపలి అద్దంలోకి చూడాలి. దూరం నుంచి చూస్తే, మాటలు పడుతూ తల దించుకున్న మనిషిలా ఉండేవాడు.

అమ్మ ఆ కెమెరా ముందు ఎప్పుడూ నిలబడలేదు. పాప కాస్త ఎదగనీ, ఇద్దరం కలిసి తీయించుకుంటాం అనేదట. నాకు మాటలు రాకముందే జ్వరం వచ్చి చనిపోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటైనా లేకపోతే ఎలాగని పెద్దవాళ్ళు పట్టుబట్టారు. ఆ రోజుల్లో అది మామూలే. పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో తల పట్టుకుని ఉండగా ఫొటో తీసేవారు. తర్వాత స్టూడియోలో ఆ వెనక మనిషిని చెరిపేసి, మూసుకున్న కళ్ళ మీద తెరిచిన కళ్ళు గీసేవారు. "కెమెరా నీ సేతిలో ఉండగా పరాయోణ్ని పిలవడమేటి?" అన్నాడట పెదనాన్న. నాన్నే తీశాడు. స్టూడియో ఆయన కళ్ళు గీశాడు.

ఆ ఫొటో కిందే నేను పెరిగాను. ఏ మూలకి వెళ్ళి నిలబడ్డా ఆ కళ్ళు నా వైపు చూసేవి కావు. చిన్నప్పుడు, అమ్మకి నా మీద ఏదో కోపం అనుకునేదాన్ని. సంగతంతా పెద్దమ్మ చెప్పింది, నేను పెద్దమనిషినైన ఏడాది. నాన్న మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ తర్వాత నాన్న మనుషుల్ని తీయడం మానేశాడు. కెమెరా మానలేదు. చెట్లు తీసేవాడు. కొట్టు సెలవు రోజున సైకిలు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. దూరమైతే సైకిలు బస్సు మీదికి ఎక్కించేవాడు. పురుషోత్తంపూర్ దారిలో చింతమాన్లు, చమఖండి దగ్గర తాటిచెట్లు, మొగలి పొదలు, గోపాలపూర్‌లో సరుగుళ్ళు. ఊరంతా దీన్నొక పిచ్చి కింద జమ కట్టింది. భార్య పోయిన మనిషి కదా అని పైకి ఎవరూ అనేవారు కాదు.

మొదట్లో చెట్టునొక్కదాన్నే తీసేవాడట. స్టూడియో ఆయన రీలు కడిగి, ఒక్క ఫొటో కూడా వేయకుండా ఉత్త నెగెటివులు చేతిలో పెట్టాడు. ఆయన ఒడియా ఆయన, మాతో మా తెలుగే మాట్లాడేవాడు.

"మనిషి లేడు బాబూ, ఖాళీగా నొక్కేసినారనుకున్నాను. కాగితం దండగని ఎయ్యలేదు" అన్నాడు. నాన్న అవి చెట్లని చెప్తే, నెగెటివు వెలుతురుకేసి పట్టుకుని చూసి, "ఇది మొక్కో మానో ఎలాగ తెలుస్తాది?" అని అడిగాడు.

ఆ మాట నాన్నకి బాగా పట్టింది. పొద్దస్తమానం కొలతలతో బతికే మనిషి. మరుసటి వారం చింతచెట్టు దగ్గర సైకిలు ఆపి నన్ను దింపాడు.

"ఎల్లి మాను పక్కన నిలబడు అమ్మీ."

"ఏటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యొద్దు. గజంబద్దలాగ ఉండు."

అలా నేను గజంబద్దనయ్యాను. ఆయన వెనక్కి నడిచేవాడు, నడుస్తూనే ఉండేవాడు. చెట్టు చివరి కొమ్మ దాకా అద్దంలో పట్టేంత దూరం వెళ్ళి తల వంచేవాడు. ఎండ నచ్చకపోతే ఎండ మారేదాకా ఆగేవాడు. నాకు కాళ్ళు పీకేవి, చీమలు కుట్టేవి. మొగలి పొదల్లో పాములుంటాయని పెద్దమ్మ ఒకటే చెప్పేది, అక్కడ నిలబడితే నా పై ప్రాణాలు పైనే పోయేవి. కదిలితే దూరాన్నుంచి చెయ్యెత్తేవాడు. మాట వినపడని దూరం అది. ఇంట్లో కూడా మా మధ్య మాటలు తక్కువే, కానీ అక్కడ ఇసుకలో ఒక్కదాన్నే నిలబడి ఆయన్ని అంత చిన్నగా చూస్తుంటే ఏడుపొచ్చేది. ఫొటోలో ఏడుపు పడదని నాకు తెలుసు, అందుకని ఏడ్చేసేదాన్ని.

ఒక ఏడు తీసిన చెట్టునే మళ్ళీ తీస్తూ, పక్కన నేను పెరిగిపోయానని చూసి నవ్వాడు. "గజంబద్ద పెరిగిపోతంటే కొలతెలాగ అమ్మీ?" అన్నాడు. ఆయన నవ్వడం అరుదు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

"నాన్నా, ఒక్కసారి దగ్గరికొచ్చి తియ్యవా? నా ముకం."

నవ్వు ఆగిపోయింది. "సెట్టు పూర్తిగా రాదు" అన్నాడు.

"సెట్టొద్దు. నన్నే తియ్యి."

కెమెరా మూత మూసి, తువ్వాల్లో చుట్టి, సైకిలు స్టాండు తీశాడు. దారి పొడుగునా నేను ఆయన వీపునే చూస్తూ కూర్చున్నాను. నాకు కావలసింది ఆ ఒక్కటే. చెట్టు లేకుండా, దగ్గర్నుంచి, ఆయన చేత్తో తీసిన నా ముఖం. ఎందుకు తీయడో పెద్దమ్మ చెప్పాక అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆశ చావలేదు. కోపం కూడా చావలేదు. నేను బతికే ఉన్నాను కదా, నా కళ్ళు తెరిచే ఉన్నాయి కదా, అని ఆయన మొహాన అనాలని చాలాసార్లు అనుకున్నాను. అనలేదు.

రంగు రీళ్ళు వచ్చాక ఊళ్ళో అందరూ రంగులకి మారారు. నలుపు తెలుపు ఫొటోలు పోయినవాళ్ళకే మిగిలాయి. నాన్న మారలేదు. ఎందుకని అడిగితే, "రంగుంటే కళ్ళు ఆకుల మీదికే పోతాయి, సెట్టుని ఎవులూ సూడరు" అన్నాడు. మరి మనుషుల్ని నువ్వు చూస్తున్నావా అని నా నోటి దాకా వచ్చింది.

పెళ్ళి సంబంధాలకి ఫొటో కావాల్సి వచ్చినప్పుడు పెద్దమ్మే నన్ను స్టూడియోకి తీసుకెళ్ళింది. నాన్న కూడా వచ్చాడు కానీ లోపలికి రాలేదు, ఎదురుగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. నన్ను తోట బొమ్మ గీసిన తెర ముందు కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమని, దించమని, ఆ పరాయి మనిషి నా ముఖం తీశాడు. ఆ ఫొటో చాలా ఊళ్ళు తిరిగింది. టెక్కలి దాకా వెళ్ళింది, పలాస దాకా వెళ్ళింది, వెళ్ళిన ప్రతిసారీ తిరిగి ఇంటికొచ్చింది. కొన్నాళ్ళకి పంపడం మానేశారు. నేను తెలుగు బడిలో టీచరునయ్యాను. కాపురాలు వేరుపడ్డాక నాన్నా నేనూ కొట్టుకి దగ్గర్లోనే రెండు గదుల వాటాలోకి మారాం. సాయంత్రం ఇద్దరం ఎదురుబొదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళం, ఆయన నెగెటివులు చూసుకునేవాడు, నేను పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. ఒంటరితనం అంటే మనిషి తోడు లేకపోవడం అనుకుంటారు. తోడున్నా ఉంటుంది, నేను చూశాను.

సెలవు రోజుల్లో మాత్రం ఇంకా వెళ్ళేవాళ్ళం. నాకు జుట్టు నెరవడం మొదలైనా నేను వెళ్ళి చెట్టు పక్కన నిలబడేదాన్ని. పెరగడం ఆగిపోయింది కాబట్టి కొలతకి ఇప్పుడు బాగా పనికొచ్చేదాన్ని.

ఆ రోజు గోపాలపూర్ వెళ్ళాం. నాన్న ఎప్పుడూ పొద్దుటి పూటే తీసేవాడు, ఎండ పక్కనుంచి పడేలా చూసుకుని. "సూరీడు మన ఎనకుంటే మన నీడ ఎల్లి ఫొటోలో పడతాది. అంతకన్నా తప్పు లేదు" అనేవాడు. ఆ రోజు బస్సు దారిలో చెడిపోయి, మేం చేరేసరికి పొద్దు వాలిపోయింది. సముద్రం వైపు ఇసుకలో ఒంటి సరుగుడు ఒకటి, గాలికి ఒక పక్కకి ఒరిగి ఉంది. నాన్న కెమెరా తీశాడు. చేతులు వణికాయి. ఏడాదిగా వణుకుతున్నాయి, ఆ రోజు మరీ ఎక్కువ. మీట నొక్కబోతే కెమెరా మొత్తం ఊగింది. రెండోసారీ అంతే. కెమెరా నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నొక్కు. నాను సెప్తాను."

"ఐతే కొలతెవరు?" అన్నాను. "నువ్వెల్లి నిలబడు నాన్నా."

"నానెందుకు? సెట్టుని తియ్యి."

"మొక్కో మానో ఎలాగ తెలుస్తాది?"

నాన్న పంచె ఎగ్గట్టుకుని, ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు, చేతులు వేలాడేసుకుని, అచ్చం నాలాగే. నేను తల వంచి అద్దంలోకి చూశాను. చీమంత మనిషి. ఆయన నన్ను ఇన్నేళ్ళూ ఇలాగే చూశాడన్న మాట అనుకున్నాను. దగ్గరికి వెళ్దామని ముందుకి నడిచాను. ఒక్కసారి ఆయన ముఖం అద్దం నిండా చూడాలనిపించింది. కొంచెం దూరం పోయానో లేదో ఆయన చెయ్యెత్తాడు.

"అక్కడే ఉండు. సెట్టు పూర్తిగా రాదు."

ఆగిపోయాను. నొక్కాను.

"సెట్టు పూర్తిగా వొచ్చిందా?" అని అక్కడి నుంచే అడిగాడు.

"వొచ్చింది" అన్నాను. తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను.

ఆ వానాకాలంలోనే నాన్న పోయాడు. కర్మలు అయ్యాక పెదనాన్న వచ్చాడు. ఆయనకి కళ్ళలో శుక్లాలు ముదిరి, మనుషుల్ని ఆకారం బట్టి గుర్తుపడుతున్న రోజులవి. కొట్టులో గల్లా వెనక గోడ మీద మా పెద్దవాళ్ళ ఫొటోలుంటాయి. రోజూ బోణీకి ముందు వాటికి గంధం బొట్టు పెట్టి అగరొత్తి తిప్పుతారు.

"తమ్ముడు ఫొటో ఒకటియ్యి అమ్మీ, గోడకెడదాం."

"లేదు పెదనాన్నా."

"కెమెరా ఉన్నోడికి ఫొటో లేకపోడమేటి?" అన్నాడు. అని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మా అమ్మప్పుడు తనన్న మాట గుర్తొచ్చిందేమో.

అప్పుడు గోపాలపూర్ రీలు గుర్తొచ్చింది. స్టూడియోకి పట్టుకెళ్ళాను. ఆ స్టూడియో ఆయనే, ముసలాయన అయ్యాడు, కళ్ళద్దాలు వచ్చాయి. నాన్న ముఖం వరకూ పెద్దది చేసి చూపించమన్నాను. తడి కాగితం మీద ముఖం ఉండాల్సిన చోట మినపపొట్టు చల్లినట్టు చుక్కలు తప్ప ఏమీ లేవు. కళ్ళు లేవు, ముక్కు లేదు.

"అంత దూరం నుంచి తీస్తే ఇంతే అమ్మా. పర్లేదు, కళ్ళూ ముక్కూ నేను గీసేస్తాను. మీ అమ్మకి గీసినాను కదా, ఎవరికైనా తెలిసిందా?"

"నాకు తెలిసింది" అన్నాను.

ఆయన ఆ తడి కాగితం పక్కన పెట్టాడు. తర్వాత మొత్తం ఫొటో చిన్నది ఒకటి వేసి తెచ్చి, కింది భాగం వేలితో చూపించాడు. "పోనీ ఇదైనా కోసేస్తాను. ఎవరిదో నీడ అడ్డం పడింది."

అప్పుడు చూశాను. సూర్యుడు నా వెనకున్నాడు. ఫొటో కింది అంచు నుంచి మొదలై ఇసుక మీద పొడుగ్గా ఒక నీడ సాగింది. మోచేతులు మడిచి కెమెరా పట్టుకున్న భుజాలు, ముందుకి వంచిన తల. ఆ తల వెళ్ళి నాన్న పాదాల దగ్గర ఆగింది. నేను ఆగిపోయాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన చెయ్యెత్తితే నేనాగాను, నా నీడ ఆగలేదు. స్టూడియోలో ఆ బల్ల దగ్గరే నిలబడి, నాన్న పోయిన రోజు రాని ఏడుపు ఏడ్చాను.

"ఎవరిదో కాదు, నాదే" అన్నాను. "కొయ్యొద్దు. ఉన్నదున్నట్టు పెద్దది చెయ్యండి."

ఫ్రేము కట్టించి కొట్టుకి తీసుకెళ్ళాను. పెదనాన్న రెండు చేతులా అందుకుని, కళ్ళకి ఆనించేంత దగ్గరగా పెట్టుకుని, కిందా మీదా వెతికాడు. చెట్టు మొదట్లో ఉన్న చుక్కంత మనిషి ఆయనకి ఆనలేదు. ఆనింది నీడ. తల వంచుకున్న ఆ నల్లటి ఆకారం మీద వేలితో మెల్లగా రాశాడు.

"అచ్చం ఆడే. ఎప్పుడూ ఇలాగే గదా, కెమెరాలోకి తలొంచుకుని." గిన్నెలో గంధం తీసి, నీడ తల మీద జాగ్రత్తగా బొట్టు పెట్టాడు. "ఎవులు తీసినారు అమ్మీ?"

"నేనే పెదనాన్నా."

"మంచి పని సేసినావు. దగ్గరికెల్లి తీసినావు."

గంధం ఇంకా తడిగా మెరుస్తోంది. దానికి పైన, వెంట్రుకవాసి దూరంలో, నాన్న పాదాలున్నాయి.

"ఔను పెదనాన్నా," అన్నాను. "బాగా దగ్గరికెల్లి తీసినాను."