పెళ్ళిపెద్దకి మాట పెగలని రోజు

లిథువేనియా దక్షిణాన, పైన్ అడవుల మధ్య ఉన్న గిరకల్నిస్‌లో రిమ్విదాస్‌ని ఎరగనివాళ్ళు లేరు. వారమంతా బడి గదుల్ని వెచ్చగా ఉంచే బాయిలర్ దగ్గర మసి పూసుకుని తిరిగే మనిషి, శనివారం వచ్చేసరికి భుజాన రంగుల నేతపట్టీ వేసుకుని పెళ్ళిపెద్ద అయిపోయేవాడు. ఆయన నోరు విప్పితే ముసలమ్మలు కూడా పొట్ట పట్టుకుని నవ్వేవారు.

అక్కడి పెళ్ళిళ్ళలో రెండోరోజు ఓ వేడుక ఉంది. పెళ్ళి కుదిర్చినవాడిగా నిలబడే పెళ్ళిపెద్ద అబద్ధాలాడాడని విచారణ జరిపి మరణశిక్ష వేస్తారు. వాడు ఇంకా పెద్ద అబద్ధాలు చెప్పి బతిమాలుకోవాలి. చివరికి పెళ్ళికూతురు వచ్చి వాడి మెడలో తువ్వాలు వేసి కాపాడుతుంది, వాడి బదులు గడ్డిబొమ్మని తగలబెడతారు. ఆ అబద్ధాల కోసమే రిమ్విదాస్‌ని పక్క ఊళ్ళవాళ్ళు కూడా పిలుచుకుపోయేవారు.

ఆ ఏడు వసంతం నుంచి ఆయనకి నిద్ర పట్టడం లేదు. నోట్లో పెట్టుకున్నది మట్టిలా ఉండేది. ఎదుటివాళ్ళ మాట ఎక్కడో దూరం నుంచి వినిపించినట్టుండేది. ఒకటే ఆలోచన పొద్దున లేవగానే వచ్చి పక్కన కూర్చునేది. అది ఎవరికీ చెప్పుకోలేనిది. మూడేళ్ళ కిందట తమ్ముడు వైతెనిస్ ప్రాణం తీసుకున్నప్పుడు, గుండె ఆగిపోయిందని ఊరికి మొట్టమొదట చెప్పింది తనే. ఇప్పుడు అదే ఆలోచన తనకీ వస్తుంటే అద్దంలో మొహం చూసుకోవడానికి కూడా సిగ్గేసేది.

ఉగ్నే అనే అమ్మాయి పెళ్ళిలో రెండోరోజు మధ్యాహ్నం ఆయన్ని బల్ల మీద నిలబెట్టారు. పెళ్ళికొడుకు మేనమామ కెస్తాస్ న్యాయమూర్తి.

"మావాడికి నలభై ఆవులున్నాయని చెప్పాడు ఈ దొంగ. ఉన్నది ఒక్క మేక. అదీ పక్కింటివాళ్ళది" అన్నాడు కెస్తాస్ మీసం దువ్వుకుంటూ. జనం ఘొల్లుమన్నారు. "చావే వీడికి శిక్ష. ఏమయ్యా, చివరి మాటేమైనా ఉందా?"

రిమ్విదాస్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎన్ని పెళ్ళిళ్ళలోనో నాలుక మీద ఆడిన అబద్ధాల్లో ఒక్కటీ దొరకలేదు.

"మీరన్నది నిజమే" అన్నాడు చివరికి. "నేనుండి ఎవరికి లాభం? కానివ్వండి."

జనం ఇంకా నవ్వారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఈసారి భలే నటిస్తున్నాడని చప్పట్లు కొట్టారు. ఉగ్నే పరుగున వచ్చి తువ్వాలు వేసింది. చేతికింద ఆయన భుజాలు వణకడం తెలిసి ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన బల్ల దిగి, ఎవరి మొహమూ చూడకుండా జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు.

పోల్కా నాట్యానికి వాయించాల్సిన స్తాసే అకార్డియన్ తీసి బెంచీ మీద పెట్టింది. ఏళ్ళ తరబడి ఆయన పక్కన వాయించిన పెద్దావిడ. వేళ్ళు పట్టేశాయని చెప్పి లేచింది.

ఆవిరిస్నానాల గది వెనక, కట్టెల మోపుల మధ్య, వాననీళ్ళ పీపాలో మొహం కడుక్కుంటున్నాడు రిమ్విదాస్.

"పొగ కళ్ళల్లో పడిందక్కా."

"బొమ్మనింకా అంటించలేదు" అంది స్తాసే. ఓ దుంగ మీద కూర్చుని మోకాలు సర్దుకుంది. "ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చచ్చిపోవాలనుకుంటున్నావా?"

నలుగురిలో ఒంటిమీద బట్టలు లాగేసినట్టయింది ఆయనకి. "మతిపోయిందా నీకు? తాగి ఏదో వాగాను."

"పొద్దుట్నించీ నువ్వు తాగింది నీళ్ళే. నీ గ్లాసు నా పక్కనే ఉంది."

ఆయన కట్టెల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె లేవలేదు, తొందరపెట్టలేదు. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు.

"అవును" అన్నాడు చివరికి, కట్టెలతో చెబుతున్నట్టు.

"అయ్యో, నీకేం తక్కువైందిరా? బంగారంలాంటి పెళ్ళాం..." అంటూనే, ఆయన మెడ బిగుసుకోవడం చూసి ఆపేసింది. "తప్పు మాట అన్నాను. వదిలెయ్. నువ్వు చెప్పు, నేను వింటాను."

చెప్పాడు. తిన్నగా కాదు, ముక్కలు ముక్కలుగా. నిద్ర గురించి చెప్పాడు. బాయిలర్ ముందు ఊరికే కూర్చుండిపోవడం గురించి చెప్పాడు. "వైతెనిస్‌ది గుండె కాదక్కా" అన్నాడు.

"తెలుసు. ఊరందరికీ తెలుసు. నీ ముందు అనలేదంతే."

ఆ మాటకి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తమ్ముడి పరువని తను ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఖాళీ గదికి అన్నమాట.

"ఇంట్లో వేటతుపాకి ఉందిగా?" అంది స్తాసే. "ఈ పూటే అది బయటికి పోవాలి. వేటసంఘం బీరువాలో పెట్టిద్దాం."

"ఎందుకని అడిగితే?"

"బాగుచేయించాలని చెప్పు. అబద్ధాలు నీకు కొత్తా?"

ఆయనకి నవ్వు రాబోయి ఆగిపోయింది. "లైముతేకి మాత్రం చెప్పకక్కా."

"దాచమంటే దాచను. నువ్వే చెప్పు. నేను పక్కనుంటాను."

లైముతే ఆయన భార్య, బడి వంటశాలలో పనిచేస్తుంది. ఇంటి బల్ల దగ్గర మొత్తం విన్నాక ఆమె నోటినుంచి మొదట వచ్చిన మాట, "అందరి ముందూ ఏడ్చావా?"

ఆ మాట వదిలాక ఆమే తల దించేసుకుంది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. "నువ్వు ముద్ద మింగకపోతే నా వంట మొహం మొత్తిందనుకున్నానయ్యా" అంది. "కోపంతో రెండు వారాలు నీతో మాట్లాడలేదు."

తుపాకి వెళ్ళిపోయింది. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళ కోసమే ఉన్న ఫోన్ నంబరు వెతికి, కలిపి, ఆయన చేతిలో పెట్టింది లైముతే. అవతల ఆడగొంతు పలకరించింది. ఆయన మాట్లాడలేదు. ఆ గొంతు ఫోన్ పెట్టేయలేదు, ఫరవాలేదు, ఇక్కడే ఉన్నానంది. కాసేపటికి ఆయన తన పేరు చెప్పాడు. ఆ సాయంత్రం స్తాసే ఇంటికి పోలేదు. సోఫా మీద కాళ్ళు చాపుకుని, మోకాలి నొప్పి గురించి అందరినీ విసిగించింది.

మర్నాడు ముగ్గురూ జిల్లా పట్నం వెళ్ళారు. ఎవరైనా చూస్తారని కారు సంత వెనక వీధిలో పెట్టించాడు రిమ్విదాస్. టోపీ కనుబొమల దాకా లాక్కుని మనసు డాక్టరు గది ముందు కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఎవరో దగ్గారు. చూస్తే కెస్తాస్.

ఇద్దరి మొహాలూ బీట్‌రూట్ పులుసులా అయ్యాయి.

"పన్ను నొప్పి" అన్నాడు కెస్తాస్.

"నాకూ పన్నే" అన్నాడు రిమ్విదాస్.

ఆ అంతస్తులో పళ్ళ డాక్టరు లేడు. కెస్తాస్ గొంతు తగ్గించి, "నిన్న నీకు శిక్ష వేసేటప్పుడు నాకు అనుమానం వచ్చింది. అయినా జనం నవ్వుతున్నారని ఆపలేదు. క్షమించు" అన్నాడు. రిమ్విదాస్ తన వంతు వచ్చాక లేస్తూ అతని మోకాలు ఒకసారి తట్టి వెళ్ళాడు.

డాక్టరు రాసిన మందు పని చెయ్యడానికి వారాలు పట్టింది. ఓసారి మధ్యలో మానేశాడు, లైముతే గొడవపడి మళ్ళీ మొదలుపెట్టించింది. ఊళ్ళో దుకాణంలోకి అడుగుపెడితే మాటలు తగ్గిపోయేవి. రొట్టె తీసుకుని తల వంచుకుని వచ్చేసేవాడు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వద్దన్నాడు. సిగ్గుగా ఉందని డాక్టరుతో చెబితే ఆవిడ, "సిగ్గు పోయాకే రమ్మంటే ఈ కుర్చీలో ఎవరూ కూర్చోరు" అంది.

సిగ్గు పోలేదు. నిద్ర మాత్రం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఆకులు రాలే రోజుల్లో ఓ ఆదివారం, లైముతే చేసిన బంగాళాదుంప ఉండలు రెండు తిని మూడోది అడిగాడు. ఆమె వడ్డించి, వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడింది.

నెలనెలా డాక్టరు దగ్గరికి వెళుతూనే ఉన్నాడు. కారు మాత్రం ఎప్పుడూ సంత వెనకే. నవంబరులో ఓ రోజు జోరుగా వాన పడుతోంది. సంత మలుపు దగ్గర ఆయన కారు వేగం తగ్గించాడు.

"నావి కొత్త బూట్లయ్యా, తడిసిపోతాయి" అంది లైముతే.

ఆయన కాసేపు అద్దం మీద వాన తుడిచే పుల్లల్ని చూశాడు. తర్వాత తిన్నగా పోనిచ్చి, ఆసుపత్రి గుమ్మం ముందే ఆపాడు. మెట్ల మీద తమ ఊరావిడ ఒకామె నిలబడి ఉంది. ఆయన చెవులు వేడెక్కాయి. అయినా దిగి ఆమెని పలకరించి, లైముతే కోసం గొడుగు విప్పాడు.